కళ్లద్దాల్లో కనిపించిన జవాబులు

ఉద్యోగాల్లో తిప్పలు పడని వాళ్లుండరు. కానీ "మీ మనసెలా ఉంది?" అని అడిగితే జవాబులు అందించడానికి పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకున్న ఘనురాలిని మాత్రం కెనడా మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. కెనడాలో కనాటా అనే ఊళ్లో ఒక టెలికాం కంపెనీలో టెస్టింగ్ ఇంజినీర్ని. కొత్త టీమ్‌లోకి మార్చారు. సోమవారం పొద్దున్నే వీడియో మీటింగ్‌లో ఒక్కొక్కరూ తమ పని గురించి చెప్పాలి. నా వంతు వచ్చేసరికి గొంతు మూసుకుపోయేది. మాట లోపలే ఉంటుంది, బయటికి రాదు. మొదటి వారం "ఆడియో ప్రాబ్లం" అని చాట్‌లో టైప్ చేశాను. రెండో వారమూ అదే. మూడో వారం కంపెనీ వాళ్లు పాపం కొత్త హెడ్‌సెట్ కొరియర్‌లో పంపారు. దాంతో అబద్ధమాడడానికి కూడా దారి లేకుండా పోయింది.

నాలుగో వారం మేనేజర్ కెవిన్ నుంచి మెయిల్. "పని ఒత్తిడిగా ఉంటే మన కంపెనీ తరఫున వ్యక్తిగత కోచింగ్ ఉంది. మీరూ, కోచ్, ఇద్దరే మాట్లాడుకుంటారు. ఆరు సెషన్లు. కావాలనిపిస్తే వాడుకోండి."

ఎంత మర్యాదగా రాశాడో! ఆ మర్యాద చూసే నాకు చెమటలు పట్టాయి. అప్పటికి నా పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే అనుమతి, అప్లికేషన్ దశలోనే ఉంది. ఆ కోచ్ నన్ను పరీక్షించి "ఈ అమ్మాయి పనికిరాదు" అని రాసిస్తుంది, కెవిన్ ఉద్యోగం పీకేస్తాడు, పీఆర్ పోతుంది, పెట్టె సర్దుకోవాలి. నాలుగు లైన్ల మెయిల్లో నేను ఇంత చదివాను.

వెంటనే పక్క టౌన్‌హౌస్‌లో ఉండే భార్గవి అక్క దగ్గరికి పరుగెత్తాను. వరంగల్ మనిషి. కనాటాలో మనవాళ్లెవరికి ఇంటర్వ్యూ ఉన్నా ముందు అక్క దగ్గర మాక్ ఇంటర్వ్యూ ఇవ్వాల్సిందే. నోరు తెరవని వాళ్ల చేత కూడా ఉపన్యాసాలు ఇప్పిస్తుందని పేరు.

"గింతేనా? ఫికర్ చెయ్యకు సుధా. ఏమడుగుతరో నాకెర్కనే. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'తోని షురూ చేస్తరు."

"అక్కా, ఇది ఇంటర్వ్యూ కాదేమో..."

"ఎదురుంగ ఒకరు కూసొని ప్రశ్నలడిగితే అది ఇంటర్వ్యూ గాక పెళ్లిచూపులా? నేను పక్కనే ఉంట. బోర్డు మీద రాస్త. నువ్వు చూసి చెప్పు."

ఫోన్ ఇంటర్వ్యూల్లో పక్కన కూర్చుని జవాబులు అందించడం మా వాళ్లలో కొందరికి పాత విద్యే. తప్పని మా ఇద్దరికీ తెలుసు. తెలిసే చేశాం.

బుధవారం లంచ్ టైమ్. బయట మోకాలి లోతు మంచు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద నా లాప్‌టాప్, దాని వెనకాల కుర్చీలో వాళ్ల పాప వైట్‌బోర్డు ఒళ్లో పెట్టుకుని అక్క. స్క్రీన్ మీద కోచ్ మార్లీన్ వచ్చింది. తెల్లజుట్టు, ఊదారంగు స్వెటర్, తొందర లేని ముఖం. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా, నాకెందుకో తెలుగులోనే గుర్తుంది.

"నిద్ర ఎలా పడుతోంది సుధా?"

అక్క చకచకా రాసింది. నేను చదివాను. "ఎనిమిది గంటలు. నిద్ర విషయంలో నేను చాలా సెల్ఫ్ మోటివేటెడ్."

మార్లీన్ కనుబొమలు కాస్త పైకి లేచాయి. "పని కాకుండా మీకు ఇష్టమైనదేమిటి?"

"గార్డెనింగ్!"

"ఫిబ్రవరిలోనా?"

అక్క బోర్డు తుడిచి 'ఇండోర్' అని రాసింది. "ఇండోర్," అన్నాను.

"ఏం మొక్కలు?"

బోర్డు మీద 'కరివేపాకు' ప్రత్యక్షమైంది. చెప్పాను.

"బాగుందా మొక్క?"

దీనికి బోర్డు కోసం ఆగకుండా నోరు జారాను. "పోయిన నెల చచ్చిపోయిందండీ."

అక్క నెత్తి కొట్టుకుంది. మార్లీన్ మాత్రం నవ్వలేదు. "అయ్యో," అంది. చచ్చిన కరివేపాకు మొక్కకి కెనడాలో ఒక మనిషి నిజంగా బాధపడడం నేను చూడడం అదే మొదటిసారి.

తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "మీటింగ్‌లో మీ వంతు వచ్చేముందు, మీ ఒంట్లో ఏమవుతుంది?"

ఈ ప్రశ్న మా ప్రిపరేషన్‌లో లేదు. అక్క వైపు చూశాను. మార్కర్ మూత తీసి ఉంది. చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. మార్లీన్ కూడా ఏమీ అనడం లేదు. మా ఇళ్లలో ఎవరైనా కాసేపు మాట్లాడకపోతే ఎవరో ఒకరు కాఫీ పెడతామని లేస్తారు. ఈవిడ లేవలేదు, గడియారం చూడలేదు, మాట అందించలేదు. నా కోసం ఒక మనిషి అలా ఊరికే కూర్చోవడం చూసి నాకు ఆశ్చర్యమేసింది.

అప్పుడు లాప్‌టాప్ వెనక నుంచి మాట వినిపించింది.

"గొంతు. మీటింగ్ అంటే ఈడ పట్టేస్తది. పదకొండేండ్ల సంది."

భార్గవి అక్క! ఊరందరికీ మాటలు నేర్పే మనిషి! బోర్డు కిందకి జారిపోయింది. నేను చెప్పాల్సిన జవాబు కాదది, ఆమెదే. తెలుగులో అన్నానని గ్రహించి, తనే మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

నా పని అయిపోయిందనుకున్నాను. మోసం బయటపడింది, ఇంక పెట్టె సర్దుకోవడమే.

"నమస్తే," అంది మార్లీన్. "అక్కడ ఎవరో ఉన్నారని మొదటి నిమిషంలోనే తెలిసింది. సుధ కళ్లద్దాల్లో బోర్డు కనిపిస్తోంది. భయంతో వచ్చిన వాళ్లు తోడు తెచ్చుకోవడం వింతేం కాదు. కానీ ఈ గంట సుధది. మీకూ మీదైన గంట ఒకటి ఉండాలి."

అక్క తలూపి, నా భుజం మీద చెయ్యి వేసి, బయటికెళ్లి తలుపు వేసింది.

"ఇదంతా కెవిన్‌కి చెప్తారా?" అడిగాను.

"చెప్పను."

"మరి నా రిజల్ట్?"

"దీనికి రిజల్ట్ ఉండదు సుధా."

పుట్టి బుద్ధెరిగాక మార్కులు లేని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. కొత్త టీమ్‌లో మొదటి వారం నేనేదో అంటే ఒకరు నవ్వారనీ, ఆ రోజు నుంచి ప్రతి వాక్యమూ లోపల పదిసార్లు సరిచూసుకుంటున్నాననీ, సరిచూసుకునేలోపు నా వంతు దాటిపోతోందనీ అన్నీ చెప్పేశాను. నా గొంతు అంతసేపు ఆగకుండా నడవడం చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు.

"వచ్చే సోమవారం మీకు కావాల్సింది ఏమిటి?" అని మార్లీన్ అడిగింది. ఆలోచించాను. నాకు కావాల్సింది ఒక్క నిమిషం. ఆ సోమవారం మీటింగ్‌లో అదే అన్నాను. "నాకొక నిమిషం టైమ్ కావాలి." కెవిన్ "తప్పకుండా" అన్నాడు. అందరూ ఆగారు. నేను మాట్లాడాను. ఆకాశం అక్కడే ఉంది, ఉద్యోగమూ అక్కడే ఉంది. కోచింగ్‌కీ పీఆర్‌కీ అసలు సంబంధమే లేదని ఆనక తెలిసింది.

అక్క వాళ్ల ఆఫీసులో కూడా ఇలాంటి కోచింగ్ ఉందట. ఎప్పుడూ చూడలేదట. తనూ బుక్ చేసుకుంది. ఆ రోజు ఇంట్లో అందరినీ బయటికి పంపేసి ఒక్కతే కూర్చుంది.

మా వాట్సాప్ గ్రూపులో ఒక రివాజు ఉంది. ఎవరి ఇంటర్వ్యూ అయినా, వచ్చిన వెంటనే అడిగిన ప్రశ్నలన్నీ అక్కడ పెట్టేయాలి, తర్వాత వెళ్లేవాళ్లకి ఉపయోగం. ఆ రివాజు పెట్టిందే అక్క. సెషన్ అయ్యాక ఫోన్ చేసి అడిగాను.

"ఏమడిగారక్కా? గ్రూపులో పెడతావా?"

చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట అందించలేదు.

"పెట్టనే," అంది చివరికి. "అవి నాకొక్కదానికే అడిగిన ప్రశ్నలు."

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఇకముందు నా మనసు గురించి ఎవరడిగినా, జవాబు ఎంత వంకరగా వచ్చినా నా నోటితోనే చెప్పుకుంటాను. పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోను. ఎవరైనా తామే వచ్చి కూర్చుంటామన్నారో, వాళ్లకి విడిగా ఒక గంట బుక్ చేసి మరీ పంపిస్తాను.