ఆరినాక

నోరు మూసుకుని కూర్చోవడమే కావ్యశ్రీ ఉద్యోగం. యానాంలో పుట్టి, గోడతోనైనా మాట కలిపే పిల్లకు ఇంతకంటే శిక్ష ఏముంటుంది? కట్టడాలకు వాడే కొత్త సరుకును బజారుకు పంపకముందే పనివాళ్ల చేతికిచ్చి, ఎలా వాడతారో పక్కన కూర్చుని చూడాలి. తప్పు చేస్తున్నా దిద్దకూడదు. ఇక్కడ మనం దిద్దేస్తే అదే తప్పు రేపు ఊరంతా చేస్తుందని లాస్‌పేట ఆఫీసులో పై అధికారి ఫణిధర్ రోజూ నూరిపోస్తాడు. పోయిన నెల ఒకచోట ఆమె ఆగలేక నోరు జారింది. ఇంకోసారి జారితే ఉద్యోగం ఉండదన్నాడు.

ఈసారి పరీక్ష అదే ఊళ్లో, ఒర్లియంపేటలో, లోగనాయకి మిద్దె మీద. వాన కారకుండా వేసే తెల్లపూత అది. కింది గదిలో ఆమె కూతురు ప్రీతి బాలింత.

"వానొస్తే ఉయ్యాల యాడ కట్టేదో తెలీదు మా. నీ మాట నమ్మి ఒప్పుకుంటా ఉండా" అంది లోగనాయకి. అప్పటినుంచీ కావ్యశ్రీకి మనసు మనసులో లేదు.

మేస్త్రీ మునియన్ ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గాని, తెలుగు చదవలేడు. అలాంటివాళ్లకోసమే సూచనలు ఫోన్లో వినిపిస్తారు. ఆ గొంతు కావ్యశ్రీదే. "మొదటి పూత ఆరాక రెండోది వేయండి."

పెనంలా కాలుతున్న మిద్దె మీద మునియన్ మొదటి పూత వేసి, నీడలో టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో మబ్బు పట్టింది, సముద్రపు గాలి తిరిగింది. ఆయన లేచి పూత మీద అరచెయ్యి ఆనించి, తృప్తిగా తలూపి రోలరు అందుకున్నాడు.

అరచేతికి అంటిన తెలుపు కావ్యశ్రీకి కనబడుతూనే ఉంది. ఇప్పుడు వేస్తే తడి అడుగునే ఉండిపోయి పూతంతా పొక్కులు లేస్తుంది. లేచింది, కూర్చుంది, చున్నీ అంచు కొరికింది. చెబితే ఈ మిద్దె దక్కుతుంది. ఉద్యోగం పోతుంది, తప్పెక్కడుందో తెలియకుండానే సరుకు బజారెక్కుతుంది. చెప్పకపోతే ఉయ్యాల తడుస్తుంది. ఇంత వయసొచ్చి తడి తెలియదా అని ముసలాయన మీద ఒళ్లు మండింది. ఆయన మూలదాకా వేసి రోలరు దించేదాకా ఆమె చున్నీ వదల్లేదు.

పని అయ్యాక అడగొచ్చు. "అప్పుడే ఎందుకేశారు తాతా?"

"ఆరినాక ఎయ్యమని ఫోన్లో నువ్వేగా చెప్పినావు. చెయ్యి పెట్టి చూసినా, సల్లగా ఆరిపోయినాది."

"తడి పోలేదు కదండీ?"

"తడి పోతే ఎండినాది అంటాము. ఆరేదంటే వేడి పోయేది. ఇదో, నా టీ ఆరిపోలే?" అని గ్లాసు చూపించాడు.

తమిళం కలిసిన ఆయన తెలుగు ప్రకారం, కావ్యశ్రీ చెప్పినట్టే ఆయన చేశాడు. ఇంతసేపూ ఆయనలో వెతికిన తప్పు తన గొంతులోనే ఉంది.

మెట్ల మీదినుంచి లోగనాయకి తల కనబడింది. "ఆరిందా మా?"

ఆరిందంటే వాళ్ల మాటలో చల్లబడిందనే గనక అబద్ధం కాదు. ఆ సంగతి తట్టినందుకే కావ్యశ్రీకి సిగ్గేసింది.

"ఆరిందక్కా, ఎండలేదు. అంతా గీకి మళ్లీ వేయించాలి. తప్పు మేస్త్రీది కాదు, నాది."

లోగనాయకి మబ్బు వంక చూసి, ఆమె వంక తిరిగింది. "ఇంతసేపూ పక్కనే కూర్చోని చూస్తానే ఉంటివే మా."