ఒబ్దూలియా ఇంటి ఉప్పు

ఆ కొండ ఊళ్ళో ఒబ్దూలియా వంశంవాళ్ళకు నలభై దాటాయంటే, వాళ్ళు వండిన చిక్కుడు గింజల్లో ఉప్పు ఎలా ఉందో అందరూ కనిపెట్టి చూసేవారు. పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు. బోబెరా అని వాళ్ళు పిలిచే మతిమరుపు జబ్బు ముందు ఉప్పు దగ్గరే బయటపడుతుంది. తర్వాత పేర్లు పోతాయి, ఆ తర్వాత మనుషులు. ఒబ్దూలియా తల్లికీ, ముగ్గురు తోబుట్టువులకూ యాభై నిండకుండానే మతి పోయింది. నలుగురి నోటికీ గంజి అందించింది ఒబ్దూలియానే.

ఆమెకు మాత్రం ఏమీ కాలేదు. అరవై తొమ్మిదో ఏట కూడా పక్కింటివాళ్ళ పెళ్ళిరోజు వాళ్ళకే గుర్తుచేసేది. యాభై అయిదు నిక్షేపంగా దాటినవాళ్ళ పిల్లల్ని, జబ్బు ఇక అంటదని, ఆ వంశంలో ‘కడిగిన కొమ్మ’ అంటారు. ఆ పేరు దక్కేదాకా ఆగి, ముప్పయ్యో ఏట కూతురు నిదియా ధైర్యంగా పెళ్ళాడి ఇద్దరు ఆడపిల్లల్ని కంది.

ఏటా కొండెక్కి వచ్చి పరీక్షకు వాళ్ళ నెత్తురు పట్టుకెళ్ళే డాక్టరమ్మ, ఈసారి ఒబ్దూలియాను విడిగా కూర్చోబెట్టింది.

"మీరు తెలుసుకోవాలన్నారు కాబట్టి చెబుతున్నానమ్మా. ఆ జబ్బు జన్యువు మీలోనూ ఉంది."

"నాలోనా? పోయినేడు నువ్వేసుకొచ్చిన చెప్పుల రంగు చెప్పనా తల్లీ?"

"అదేగా వింత. మీలో ఇంకో జన్యువు దాన్ని లేవకుండా నొక్కిపెట్టింది. ఒక్కోదాన్నే చూసినన్నాళ్ళూ మాకు తెలీలేదు. రెండూ కలిపి చూస్తేగానీ తేలలేదు."

"మరి మా నిదియా?"

"చెడ్డది రావచ్చు, రాకపోవచ్చు. కాపాడేదీ అంతే. రెండూ జంటగానే దిగాలని లేదమ్మా. ఆమె వచ్చి అడిగితేనే చూస్తాం."

ఒబ్దూలియా కూతురికి చెప్పలేదు. మాట నోటిదాకా వచ్చేది, మనవరాళ్ళను చూసి మింగేసేది. తను బాగుండటమే కూతుర్ని నమ్మించి మోసం చేసిందని కుమిలిపోయింది. ఎప్పుడో పోయిన తన తల్లి వంటింట్లో ఇంకా దేనికోసమో వెతుకుతున్నట్టే ఆమెకు అనిపించేది.

ఆదివారం నిదియా వండింది. ఆమెకిప్పుడు నలభై నాలుగు.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?"

గింజలు చప్పగా ఉన్నాయి.

"సరిపోయిందిలే, నువ్వూ తిను," అని ఒబ్దూలియా గిన్నె ఖాళీ చేసింది.

నిదియా పెనం మీద జొన్నరొట్టెలు తిరగేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?"

ఇదే పొయ్యి దగ్గర, ఇదే గొంతుతో తన తల్లి రెండోసారి అడిగిన రోజు ఒబ్దూలియాకు గుర్తుంది. అది మంగళవారం, బయట సన్నగా వాన పడుతోంది. ఆమెకు ఏదీ మరుపు రాదు.