అన్నను కోరుకోని ఏడు

మా ఊరు ఒంటిమిట్టకు నడిచిపోయేంత దూరం. కోదండరాముడి ఉత్సవాలు ముగిసిన మరుసటి రోజు సాయంత్రం ఊరి వంకలో చెడుగుడు ఆడటం మాకు ఆనవాయితీ. వానలు పడితే నాలుగు రోజులు పారి ఊరుకునే వంక అది. మిగతా ఏడాదంతా ఇసుకే కాబట్టి పడ్డా పెద్దగా దెబ్బ తగలదు.

ఒకప్పుడు పైవీధి ఒక జట్టు, కిందివీధి ఒక జట్టుగా ఆడేవారట. ఆట కాస్తా కొట్లాటగా మారి, కట్టెలు లేచి, కొందరు మంచాన పడ్డాక పెద్దలు ఆ పద్ధతి మాన్పించారు. నాకు బుద్ధి తెలిసేసరికే కొత్త కట్టుబాటు నడుస్తోంది. ఆడగలిగినవాళ్లంతా ఇసుకలో వరసగా నిలబడాలి. ఇద్దరు నాయకులు వంతులవారీగా ఒక్కొక్క మనిషిని కోరుకోవాలి. ఏ వీధివాడు ఎటు పోతాడో ముందు తెలియదు కాబట్టి కక్షలకు చోటుండదని పెద్దల ఆలోచన. నిజం చెప్పాలంటే ఆటకన్నా ఈ కోరుకోవడం చూడటానికే జనం ఎక్కువ వచ్చేవారు. ఎవరిని ముందు పిలిచారు, ఎవరు చివరిదాకా నిలబడిపోయారు అన్నది మళ్లీ ఏడాదిదాకా రచ్చబండ దగ్గర నలిగేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక ఏడు నన్ను నాయకుణ్ని చేశారు. అవతలి నాయకుడు మా మేనమామ కొడుకు. నాకు బావ వరస. నోరు తెరిస్తే మూయని మనిషి.

నేనేమంత ఆటగాణ్ని కాను. నాకున్నదల్లా చూపు. జనం కూతకు పోయేవాణ్ని చూసి మోజు పడతారు. తొడ చరిచి, గీత దాటి, ఇద్దరు ముగ్గురిని ముట్టి తిరిగొచ్చేవాడే వాళ్ల కంటికి ఆనుతాడు. ఆ వచ్చినవాణ్ని ఒడిసిపట్టేవాడు ఎవరికీ గుర్తుండడు. ఇది తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది. అందుకే ఉత్సవాలకు ముందు నెలల తరబడి మనుషుల్ని చూస్తూ తిరిగాను. ముక్కుమీద కోపమున్నవాడు ఎంత బలవంతుడైనా నాకొద్దనుకున్నాను. పండుగకు బావమరుదులు వచ్చి ఉన్నవాడూ వద్దు. వాళ్లముందు గొప్పకు పోయి ఒంటరిగా దూకి దొరికిపోతాడు.

కావలసినవాడు ఒకడు దొరికాడు. ఊళ్లో గొర్రెలు కాసే ఆయన. పొట్టి మనిషి, పరుగు లేదు, కూత పట్టుమని నాలుగడుగులు నిలవదు. ఏటా చివరికి మిగిలేది ఆయనే. ఎవరో ఒకరు జాలిపడి పిలుచుకునేవారు. ఉన్ని కత్తిరించే రోజుల్లో ఒకసారి దొడ్డి దగ్గర నిలబడి చూశాను. గొర్రె తప్పించుకుని పరుగెత్తబోతే ఈయన వంగి వెనకకాలు అందుకునేవాడు. పట్టాడంటే అది కదిలేది కాదు. ఆ చేతులు చూశాక నాకు ఇంకొకరి మీద మనసు పోలేదు.

మిగిలిన చిక్కల్లా మా అన్నతోనే. తొలి పిలుపు ఎవరికొచ్చినా అన్ననే పిలవడం ఊరికి అలవాటు. అన్న కూత అటువంటిది. అన్న ముగ్గురాయి గనుల్లో పనికి పోయేవాడు. ఆ చలికాలం గంప నెత్తిన పెట్టుకుని గుంతలోంచి ఎక్కి వస్తూ జారాడు. ఎడమ మోకాలు వాచింది. తగ్గిపోయిందని ఇంట్లో చెప్పాడు. మేమిద్దరం ఒకే వసారాలో పడుకునేవాళ్లం కాబట్టి తెల్లవారి లేచేటప్పుడు అన్న గోడ పట్టుకోవడం నేను చూసేవాణ్ని. ఆటలో ఎవడైనా ఆ కాలు పట్టి మెలిపెడితే అన్న ఇక గంప మోయలేడు. అన్న మోయకపోతే మా పొయ్యి వెలగదు.

"అన్నా, ఈ ఏడు ఆడొద్దులే. కాలు అట్లుండాది గదా" అన్నాను.

"కాలికేమైందిరా? నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

నేను కోరుకుంటే అన్నను కూతకు పంపక తప్పదు. అవతలివాళ్లు ఏ కాలు పట్టుకుంటారో నా చేతిలో ఉండదు. వదిలేస్తే బావ ఎగరేసుకుపోతాడు. కానీ అప్పుడు అన్నను పట్టుకునేది మేము. ఎంత ఆలోచించినా అదే మేలనిపించింది.

తీర్పు చెప్పేది గాజుల అంగడి సాయిబు మామ. రెండు వీధులూ ఆయన మాట కాదనవు. ఆయన రూపాయి ఎగరేశాడు. తొలి పిలుపు నాకే వచ్చింది.

"పిలువప్పా" అన్నాడు సాయిబు మామ.

అన్న అప్పటికే పంచె ఎగ్గట్టి అడుగు ముందుకు వేశాడు. నేను గొర్రెలాయన పేరు పిలిచాను.

వంకంతా నవ్వింది. గొర్రెలాయన తననేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఏమప్పా, మంద తోలుకుంటావా? పోనీలే, పులిని నాకు ఇడ్సిపెట్టినావు" అని బావ అన్నను పిలిచాడు. అన్న నా వైపు చూడకుండా అటు నడిచాడు. గట్టుమీద ఆడవాళ్లలో నిలబడిన అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఆ ఇసుకలోనే పూడిపోవాలనిపించింది.

ఆట మొదలయ్యే ముందు గొర్రెలాయన్ను పక్కకు పిలిచాను. "మా అన్న వచ్చినప్పుడు కుడికాలే పట్టు. ఎడమది ముట్టొద్దు" అన్నాను. ఆయన అన్న వైపు ఒకసారి చూసి, "సరేప్పా" అని మాత్రం అన్నాడు.

బావ పంపిన తొలి ఇద్దరూ ఆయన చేతిలోనే ఆగిపోయారు. నవ్వులు తగ్గాయి. అప్పుడు అన్న వచ్చాడు. ఇద్దరిని ముట్టి వెనక్కి పోయాడు. గీత దాటేటప్పుడు ఎడమకాలు కొంచెం ఈడ్చాడు. మళ్లీ వచ్చినప్పుడు మూలకు తోశాం. గొర్రెలాయన సరిగ్గా ఆ ఎడమకాలి పక్కనే ఉన్నాడు. చేయి చాస్తే అందుతుంది. ఆయన దాన్ని దాటి అడ్డంగా పడి కుడి మడమ అందుకున్నాడు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని, బరువంతా నామీద వేసుకుని కూర్చున్నాను. అన్న గుండె నా చేతులకింద కొట్టుకుంటోంది. కూత ఆగిపోయింది. లేచి, ఒళ్లు దులుపుకుని, నా వైపు చూడకుండా గీత బయటికి పోయాడు.

ఆట మేమే గెలిచాం. జనం గొర్రెలాయన్ను భుజాలమీద ఎక్కించుకున్నారు.

ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చున్నాక అన్న నోరు విప్పాడు. "వాడు నా ఎడమకాలి పక్కనే ఉన్న్యాడు. దాన్ని ఇడ్సిపెట్టి అంతదూరం కుడికాలికి యాల వచ్చినాడు? నువ్వు చెప్పినావా?"

"చెప్పినా" అన్నాను.

"ఎడమకాలికేమైంది?" అంది అమ్మ.

అన్న సంగటి ముద్దను చారులో అద్దాడు. "నీమింద నాకు శానా కోపముండాదిరా" అన్నాడు. అని, ఎడమకాలు అమ్మ వైపు చాపి, "ఆముదముంటే కాంచి రుద్దుమా" అన్నాడు. అమ్మ ఆ వాపు చూసి ఏడ్చింది. నేను తలవంచుకుని తిన్నాను. మనసు మాత్రం తేలికపడింది.

మరుసటేడు కూడా నన్నే నాయకుణ్ని చేశారు. అన్న గనికి పోతూనే ఉన్నాడు గాని, వరసలో నిలబడలేదు. వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఈసారి తొలి పిలుపు బావది. బావ ఇంకేమీ ఆలోచించకుండా గొర్రెలాయన్ను పిలుచుకున్నాడు. నాకు నీరసం వచ్చింది.

అన్న నా భుజం తట్టాడు. "పోతే పోనీలే. ఆ చివర్న నిలబడినోన్ని పిలువు" అన్నాడు మెల్లగా.

"వాన్నెవరు పిలుస్తారన్నా?"

"పిలువురా. పొద్దుట్నుంచి చూస్తాండా. మోకాళ్లు గట్టిగుండాయి వానికి."