బుల్లెమ్మ సీటు

నాగూర్ వలి బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. దయ్యం పిచ్చి. అందరిలాగా ఆయన దయ్యానికి భయపడడు, దయ్యం తరఫున మాట్లాడతాడు. మా చెరువులో బుల్లెమ్మ అని ఒకావిడ ఉందట. ఆవిడకు ఏది ఇష్టమో, ఏది గిట్టదో లోకంలో ఈయనొక్కడికే తెలుసట. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాక, చీమకుర్తి పక్కన మా ఊరి చెరువులో పడవల టిక్కెట్లు కొయ్యడానికి కుదిరాడు. ఆ రోజు నుంచీ చెరువుకి నీళ్ళతోపాటు దయ్యం కూడా వచ్చి చేరింది.

నా పేరు కోటిరత్నం. కట్ట కింద మిరపకాయ బజ్జీల బండి నాది. ఆ దయ్యం వల్ల అందరికంటే ఎక్కువ విసిగిపోయింది నేనే కాబట్టి, ఈ సంగతి చెప్పే హక్కు కూడా నాదే.

చెరువంటే సముద్రమేమీ కాదు. ఒక మట్టికట్ట, ఒక మూల పొలాలకి నీళ్ళొదిలే తూము, ఇంకో మూల ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు, నాలుగు తొక్కుడు పడవలు. ఆదివారమైతే క్వారీల్లో పనిచేసేవాళ్ళు, పిల్లలవాళ్ళు, ఫోన్లు ఎత్తిపట్టుకున్న కొత్త జంటలు. పడవలో నాలుగు సీట్లుంటాయి. బాబాయి ముగ్గురినే ఎక్కించేవాడు.

"ఆ సీటు ఖాళీగా ఉందిగా, మా మరిదిని కూడా ఎక్కించండి" అనేది ఎవరో ఒకావిడ.

"ఖాళీ ఎక్కడుందమ్మా? బుల్లెమ్మ కూర్చుంది. ఆవిడ కొంగు తొక్కారు, కాస్త కాలు తియ్యండి."

ఆవిడ ఠక్కున కాలు తీసేది. మరిది గట్టు మీదే ఆగిపోయేవాడు. పడవ ఎక్కిన ముగ్గురూ నోరెత్తకుండా, ఆ ఖాళీ సీటు వంక ఓరకంట చూస్తూ, చెరువంతా తొక్కి వచ్చేవాళ్ళు. దిగేటప్పుడు కొందరు ఆ సీటుకి దణ్ణం కూడా పెట్టేవాళ్ళు.

ఎవడైనా తూము దగ్గర ఈతకు దిగబోతే బాబాయి కట్ట మీదినుంచే అరిచేవాడు. "ఒరేయ్, సిగ్గుందా? ఆడమనిషి స్నానం చేస్తుంటే దిగుతావా?" చొక్కా విప్పినవాడు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. కట్ట మీదికి కారెక్కిస్తే ఇంకో రకం గోల. "అసలే నడుం నొప్పి మనిషి! ఆవిడ నడుం మీద కారు తోల్తావేంటయ్యా?"

ఇవన్నీ నాకు వినోదంగానే ఉండేవి, ఆయన నా బండి జోలికి రానంతవరకు.

"అమ్మాయ్ కోటిరత్నం, బండి అక్కణ్ణుంచి తీసి ఆ పై దిబ్బ మీద పెట్టు. అది బుల్లెమ్మ చాప వేసుకునే చోటు."

"చాప చుట్టుకుని ఆవిణ్ణే దిబ్బ మీదికి పొమ్మను బాబాయ్. నాకిక్కడ నీడుంది, బేరం ఉంది."

ఆయన బజ్జీలు తినేసి, తొడిమలన్నీ ప్లేటు అంచున వరసగా పేర్చి వెళ్ళిపోయేవాడు. తొడిమ తింటే ఆయనకి దగ్గొస్తుంది. మర్నాడు మళ్ళీ అదే మాట, అవే తొడిమలు.

నోటితో ఎదురు చెప్పానేగానీ, నాకూ భయం లేకపోలేదు. ఊరంతా ఎండకి మాడుతున్నప్పుడు కూడా నా బండి కింద నేల చల్లగా, చెమ్మగా ఉండేది. పొద్దువాలి జనం వెళ్ళిపోయాక, గాలి లేకపోయినా కట్టేసిన పడవలు మెల్లగా ఊగేవి. నీళ్ళలోంచి ఎవరో గుటక వేసిన చప్పుడయ్యేది. చేపలే అయి ఉంటాయని గట్టిగా పైకే అనుకుని, గబగబా సామాను సర్దుకునేదాన్ని.

ఇలా ఉండగా మా చెంచయ్యకి గేదె తప్పిపోయింది. చెంచయ్య అంటే చెరువు కమిటీ ప్రెసిడెంటు, కట్ట కింద మిరప చేను ఆయనదే. గేదె దొరికితే బుల్లెమ్మకి చీర పెడతానని మొక్కుకున్నాడు. గేదె దొరికింది. అంతే, దయ్యానికి ప్రమోషన్ వచ్చింది. బుల్లెమ్మ కాస్తా బుల్లెమ్మ తల్లి అయిపోయింది. నా బండి వెనక చెమ్మ నేల మీద పసుపు, గాజులు, వేపమండలు వచ్చి పడ్డాయి.

"ఎండాకాలంలో కూడా ఈ చోటు ఆరదు చూడండి! అదీ అమ్మ మహిమ!" అన్నాడు చెంచయ్య. కార్తీక వనభోజనాలు ఈసారి అక్కడేనని, ఆ రోజే అమ్మకి గద్దె కట్టిస్తానని చాటించాడు. గద్దె కోసం కట్ట మొదట్లో గుంట కూడా తవ్వించాడు.

బాబాయికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "అమ్మ కాదయ్యా, దయ్యం! ఉత్త దయ్యం! దాని దగ్గరికి రాకూడదు, దూరంగా పోవాలి!"

"నీకు తెలీదు వలీ. దయ్యం అన్నందుకు లోపల్లోపల ఆవిడే నవ్వుకుంటూ ఉంటుంది" అన్నాడు చెంచయ్య.

ఆ వారమంతా తుపాను వాన. చెరువు నిండి అలుగు పారింది. వనభోజనాలకు ముందురోజు వాన తెరిపిచ్చింది. సాయంత్రం నేను సామాను సర్దుకుంటుంటే వెనకనుంచి గజ్జెల చప్పుడు వినిపించింది. గల్ గల్ గల్. తిరిగి చూశాను. ఎవరూ లేరు. గద్దె గుంటలో నీళ్ళు, ఆ నీళ్ళ మీద తేలుతున్న వేపమండ. చప్పుడు మాత్రం ఆగలేదు. అది గుంట అడుగునుంచి, నేల లోపలినుంచి వస్తోంది. మూకుడు మూకుడుగానే వదిలేసి కట్టెక్కి పరిగెత్తాను.

"బాబాయ్! నీ బుల్లెమ్మ గజ్జెలు కట్టుకుని తిరుగుతోంది!"

ఇన్నాళ్ళకి నన్ను నమ్మించానని పొంగిపోతాడనుకున్నాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గజ్జెలా? నేనావిడకి గజ్జెలు పెట్టలేదే!"

ఆ మాటకు నాకు గజ్జెల చప్పుడుకంటే ఎక్కువ భయమేసింది. ఆయన అప్పటికే కట్ట దిగుతున్నాడు. గుంటలోకి వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. ఎర్రగా, మట్టిమట్టిగా ఉన్నాయి.

"మొన్నటిదాకా తేట నీళ్ళే ఊరేవి. ఇప్పుడు కట్ట మన్ను కొట్టుకొస్తోంది. లోపల నీళ్ళు దారి చేసుకున్నాయమ్మాయ్, నువ్వు విన్న చప్పుడు అదే. ఇది తెగితే కింద ఎవరున్నా మిగలరు."

ఇరిగేషన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే సోమవారం వచ్చి చూస్తామన్నారు. ఇద్దరం చెంచయ్య ఇంటికెళ్ళాం. బాబాయి చేతులు జోడించి, బుల్లెమ్మా లేదు గిల్లెమ్మా లేదు, అంతా తన కల్పనేనని, రేపు అక్కడికి జనాన్ని రానివ్వొద్దని బతిమాలాడు. చెంచయ్య భక్తిగా కళ్ళు మూసుకున్నాడు.

"నీ నోటితో ఆవిడే నన్ను పరీక్షిస్తోంది వలీ. నేను పడిపోను."

మర్నాడు పొద్దున్నే బాబాయి కట్ట కింద అడ్డంగా తాడు కట్టాడు. జనం తాడు కిందనుంచి వంగి వచ్చేశారు. పొయ్యిలు వెలిగాయి. ఉసిరికొమ్మ పాతారు. పిల్లలు ఆ గుంట చుట్టూనే ఆడుతున్నారు. పక్కన చెరువు అంచుదాకా నిండి, కదలకుండా ఉంది. ఎప్పుడూ కట్ట మీద వాలే కొంగ ఒక్కటి కూడా లేదు. ఇంత గోల మధ్యా నాకు గజ్జెలు వినపడుతూనే ఉన్నాయి. లేవండమ్మా అని నేనెంత మొత్తుకున్నా, "పులిహోర కలపనీ వదినా" అన్నారు.

అప్పుడొక కేక వినిపించింది. చూస్తే నాగూర్ వలి బాబాయి. పూనకం! జుట్టు విరబోసుకోవడానికి నెత్తి మీద వెంట్రుక లేదు పాపం, తువ్వాలు విరబోసుకుని ఊగుతున్నాడు.

"ఊఁ... నాకీ చోటు వద్దురా! దిబ్బ మీదికి పదండి! పైకి!"

చెంచయ్య సాష్టాంగపడ్డాడు. "తల్లీ, పొంగలి పొయ్యి మీదుంది, దించగానే..."

"పొంగలీ లేదు, గింగలీ లేదు! ముందుకు జరగండి! జరగండమ్మా, ముందంతా ఖాళీనే! పిల్లల్ని చంకనెత్తుకోండి! ఎవరూ వెనక్కి దిగొద్దు! రైట్ రైట్!"

అమ్మవారు రైట్ రైట్ అనడమేమిటని ఒక్కరికీ తోచలేదు. బిందెలు, పిల్లలు, ముసలమ్మలు, సగం ఉడికిన పొంగలి, అంతా దిబ్బెక్కారు. బాబాయి ఊగుతూనే నా బండి దగ్గరికొచ్చి, "అమ్మాయ్, నువ్వూ కదులు" అని మామూలు గొంతుతో అని, మళ్ళీ "ఊఁ" అంటూ బండిని తనే తోసుకొచ్చాడు.

మేం పైకి చేరామో లేదో, కట్ట లోపలినుంచి ఒక మూలుగు వచ్చింది. పసుపు రాసిన నేల పొంగినట్టు లేచి, కట్టలో ఒక పెద్ద మట్టిపెళ్ళ మెల్లగా జారి, మేం వేసిన చాపల మీద పడింది. ఎర్రనీళ్ళు చెంచయ్య మిరప చేనులోకి పారాయి. తర్వాత కుర్రాళ్ళు తూము తలుపు పూర్తిగా ఎత్తారు, ఊరంతా ఇసుక బస్తాలు మోసింది. ఆఫీసువాళ్ళు సోమవారం దాకా ఆగలేదు. సాయంత్రానికి చెరువు సగానికి దిగి, కట్ట నిలిచింది. పోయింది చాపలు, కాసిని చెప్పులు, ఒక డేగిసా పులిహోర.

"అయితే పూనకం నాటకమేనా?" అని అడిగాను, అంతా సద్దుమణిగాక.

"ఏం చెయ్యమంటావమ్మా? కొత్తలో నిజమే చెప్పాను. తూము కాళ్ళు లాగేస్తుందంటే నవ్వారు. పడవ బరువాగదంటే, మునిగితే మునిగాంలే అన్నారు. నా సర్వీసంతా ఫుట్‌బోర్డు మీదివాళ్ళని లోపలికి రమ్మని అరవడంతోనే సరిపోయింది, ఒక్కడు విన్నాడా? బుల్లెమ్మ కూర్చుందన్నాక మాత్రం అందరూ విన్నారు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పట్టరాని కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి నన్ను సతాయించింది నా ప్రాణం కోసమన్నమాట!

ఇప్పుడు కట్టకి రాళ్ళు పరిచి గట్టిచేశారు. గద్దె దిబ్బ మీద కట్టారు, దాని పక్కనే నా బండి. బేరం మునుపటికంటే బాగుంది. రోజూ పొద్దుపోయాక గద్దె మీద ఒక ప్లేటు బజ్జీలు పెట్టి వెళతాను. పొద్దున వచ్చేసరికి ప్లేటు అంచున తొడిమలు వరసగా ఉంటాయి. నేనేమీ తెలియనట్టే ప్లేటు కడుక్కుంటాను.

పోయిన వారం బాబాయి సింగరాయకొండలో కూతురింటికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ ప్లేటు పెట్టేశాను. పొద్దున చూస్తే ఖాళీ. తొడిమలు కూడా లేవు. ఫోన్ చేసి చెప్పాను.

"కాకులు తినుంటాయిలే బాబాయ్."

"కాకులేనమ్మా, కాకులే" అన్నాడు గబుక్కున. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "రేపు ఇంకో రెండు ఎక్కువ పెట్టు."