నేస్తం చీరల సంచి

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఈ సంగతిలో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదని మా ఊరి అమ్మవారి మీద, మా జీడితోట మీద, నా మాట మీద జనానికి ఇంకా మిగిలివున్న కాస్త నమ్మకం మీద ఒట్టు వేసి మొదలుపెడుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ ఒట్టుకే నవ్వుతారు. టెక్కలి బస్టాండు పక్క టీకొట్టులో కూర్చుని, భావనపాడు దగ్గర ఒక చేప రేడియో మింగేసి మూడు రోజులు సముద్రంలో వార్తలు చదివిందని చెప్పింది నేనే. కంచిలి వైపు ఒక కొబ్బరిచెట్టు ఉందని, దాని మీంచి పొద్దున్న రాలిన కాయ సాయంత్రానికి గాని నేల చేరదని చెప్పిందీ నేనే. అవన్నీ టీ చల్లారేలోగా పుట్టి పోయే కథలు. ఇది అలాంటిది కాదు.

మాది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. మా మామ్మకు, అంటే మా నాన్నను కన్నతల్లికి, ఒక నేస్తం ఉండేది. మా వైపు నేస్తమంటే ఉత్త స్నేహితురాలు కాదు. పెళ్లికి ముందే, అమ్మవారి సంబరాల్లో, ఇద్దరూ తాంబూలాలు మార్చుకుని పదిమంది ఎదుటా నేస్తం కట్టుకున్నారు. అలా కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. అందుకని యాభై ఏళ్లపాటు ఈవిడ ఆవిడను, ఆవిడ ఈవిడను ‘నేస్తమా’ అనే పిలుచుకున్నారు. పిల్లలం మాకు ఆవిడ నేస్తం మామ్మ. ఆవిడ అసలు పేరు మా మామ్మ నోట నేను ఏనాడూ వినలేదు.

నేస్తం మామ్మది పక్క ఊరు. మధ్యలో అన్నీ జీడితోటలే, నడిస్తే అరగంట. చాలా ఏళ్లు ఆవిడ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లింది. పిక్క పగిలినప్పుడు చిమ్మే నూనె పడి వేళ్లన్నీ నల్లబడి ఉండేవి. చీరల మీదా అవే నల్ల చుక్కలు, ఎంత ఉతికినా పోయేవి కావు. మా ఇంటికి వస్తే ఆ నల్లటి వేళ్లతోనే నా బుగ్గ గిల్లి, “ఏటిరా గుంటడా, ఈయేల ఏ అబద్దం వండినావు?” అని అడిగేది. జీడితోటలో నేను ఎలుగుబంటితో కుస్తీ పట్టిన కథను మా ఇంట్లో అందరూ కసిరి ఆపేవాళ్లు. చివరిదాకా కూర్చుని, “మరి ఎలుగు ఏటన్నాదిరా?” అని అడిగి మరీ విన్నది ఆవిడొక్కతే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నేస్తం మామ్మ కాళ్లు వాచి మంచం పట్టింది. ఆ వాపు కిడ్నీలు చెడి వస్తుందని, వస్తే ఏమవుతుందో కూడా ఉద్దానంలో అందరికీ తెలుసు, పైకి మాత్రం అనరు. అప్పుడు జీడిపిక్కల కాలం. పళ్లు రాలుతున్నాయి. రాలినవి రాలినట్టు ఏరుకోకపోతే మనకు దక్కవు. పగలు ఏరడం, రాత్రి కావలి, మామ్మ తోట విడిచి కదల్లేకపోయింది గాని, ఆవిడ మనసు మాత్రం పక్క ఊళ్లోనే ఉంది. ఒక ఆదివారం పొద్దున్న నన్ను పిలిచింది.

“నేస్తం ఎలాగున్నాదో సూసి రారా. నన్ను రమ్మంతాదేటో అడుగు. రమ్మంటే పిక్కలు పోతే పోనీ, అన్నీ ఒగ్గేసి ఎలిపోతాను.”

నేను బయలుదేరాను. దారిలో తోట మలుపు దగ్గర మా ఈడు పిల్లలు పిక్కలాట ఆడుతున్నారు. జీడిపిక్కలను వరసగా నిలబెట్టి, దూరం నుంచి ఒక పెద్ద పిక్కతో కొట్టాలి. పడగొట్టినవన్నీ కొట్టినవాడివే. ఒక్క ఆట ఆడి వెళదామనుకున్నాను. నా జేబులు నిండాయి, ఖాళీ అయ్యాయి, మళ్లీ నిండాయి. తల ఎత్తి చూసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, కడుపులో ఆకలి దంచేస్తోంది. నేను నేస్తం మామ్మ దగ్గరకు వెళ్లనేలేదు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

తోటలో వంగి పిక్కలు ఏరుతున్న మామ్మ నన్ను చూసి నడుం ఎత్తింది. వెళ్లలేదని చెప్పేస్తే వీపు మీద రెండు పడేవి, అంతే. మరుక్షణం ఆవిడే లేచి వెళ్లేది. కానీ నా నోరు దాని దారిన అది పోయింది. “అరుగు మీద కూకుని పనసతొనలు తింతన్నాది మామ్మా! కాళ్లు తగ్గిపోనాయంట. పిక్కల పని అయ్యేకే రమ్మను, ఇప్పుడొద్దని సెప్పమన్నాది.”

“నవ్వినాదేటిరా?”

“పడీ పడీ నవ్వినాది.”

మామ్మ ముఖం విప్పారింది. పనసతొనలు చేర్చడం నా పనితనం. అవి లేకపోతే నమ్మేది కాదేమో. ఆ తర్వాత మూడు రోజులూ ఆవిడ కూనిరాగాలు తీస్తూ పిక్కలు ఏరింది. రోజూ ఒకసారి నన్ను పిలిచి పనసతొనల సంగతి మళ్లీ చెప్పించుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే కబురు వచ్చింది, నేస్తం మామ్మ పోయిందని.

మామ్మ వెనకాలే నేనూ వెళ్లాను. నేస్తం మామ్మ కోడలు మా మామ్మను పట్టుకుని ఏడ్చింది. “వారమై ఒకటే కలవరింతలత్తా! గుమ్మంకేసి సూడ్డం, నా నేస్తం వచ్చినాదా అని అడగడం. ఎందుకు రానేదత్తా?”

“ఆదివారం బాగున్నాదంట గదమ్మా. నన్ను రావద్దన్నాదంట. నేనే ఆలిసెం సేసేసినాను,” అంది మామ్మ.

ఆ కోడలు ఆదివారమైనా పగలంతా పలాసలో పనికి పోయే మనిషి. ఆ రోజు ఆ ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆమెకు తెలియదు. పక్కనున్న ముసలమ్మ ఒకావిడ, “పోయేముందు ఒకపాలి తేరుకుంతారమ్మా, అలాటిదే అయుంతాది,” అని సర్దిచెప్పింది. నా అబద్ధానికి ఆ ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

పదకొండో రోజు దాటాక మామ్మ వెళ్లి నేస్తం కట్టి విడిచిన పాతచీరలు రెండు అడిగి తెచ్చుకుంది. మా అమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది. “పోయినోల సీరలు ఇంటికి తెత్తారేటత్తా? ఊరి బయట ఒగ్గేత్తారు గానీ!”

“నేస్తానికి మైలేటమ్మా?” అని మామ్మ లోపలికి వచ్చేసింది.

బొంత కుడుతుందనుకున్నాం. ఆ మాటే అడిగాను. మామ్మ నా వంక వింతగా చూసింది. “బొంతయితే కింద పరుసుకోవాల. నేస్తాన్ని కింద పరుసుకుంతానేటిరా? సంచీ కుడతాను. బుజాన ఏసుకు తిరుగుతాను.”

వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, బొంతకు పరిచినట్టే గుడ్డను నాలుగు మడతలు వేసి, చీమలబారు లాంటి సన్నని కుట్టు మొదలుపెట్టింది. దారాలు కూడా ఆ చీరల అంచుల్లోంచి లాగినవే. నల్ల చుక్కలున్న వైపు లోపలికి తిప్పమని మా అమ్మ అంటే, “అయ్యే దాని గురుతులు,” అని పైకే ఉంచింది. మామ్మకు చూపు ఆనేది కాదు. సూదిలోకి దారం ఎక్కించడం నా వంతు. దారం అయిపోయిన ప్రతిసారీ సూది నా చేతికిచ్చి ఒకే మాట అడిగేది.

“ఆ దినం నేస్తం ఏటన్నాదిరా? మళ్లీ సెప్పు.”

నేను మళ్లీ చెప్పేవాణ్ణి. సూది బెజ్జంలోకి చూస్తూ చెప్పేవాణ్ణి, ఆవిడ కళ్లలోకి చూడక్కర్లేకుండా. నాలుగోసారో అయిదోసారో నోరు జారి, తాటిముంజెలు తింటోందన్నాను. సూది ఆగిపోయింది.

“పనసతొనలన్నావు గదరా?”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పిక్కలాట దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. మామ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఒళ్లోని గుడ్డను ఒకసారి నిమిరింది. తర్వాత సూది నా చేతికిచ్చి సంచి మూల చూపించి, “ఇక్కడ నువ్వు కుట్టు,” అంది. వంకరటింకరగా ఏడెనిమిది కుట్లు వేశాను. అప్పుడు నా తల మీద చెయ్యి వేసి, “నీ నోరు ఆగదని నాకు తెలుసురా. ఎలుగు మీద సెప్పు, సేప మీద సెప్పు. ఎదురుసూసే మనిసి మీద మాత్రం సెప్పకు,” అంది.

టీకొట్టులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఇక్కడికి ఆపేస్తాను. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నాకు ఒక టీ ఎక్కువ దొరుకుతుంది. కానీ ఇది అచ్చులో పడుతోంది, పైగా మొదట్లో ఒట్టు కూడా వేశాను. కాబట్టి చెప్పేస్తున్నాను.

తాటిముంజెలు అనడం నిజం. సూది ఆగడం నిజం. పనసతొనలన్నావు గదరా అని మామ్మ అడగడమూ నిజమే. ఆ తర్వాతిదంతా నా కల్పన. నేను ఏడవలేదు, ఏమీ చెప్పేయలేదు. “రెండూ తిన్నాది మామ్మా,” అన్నాను.

మామ్మ ఒక్క క్షణం నన్ను చూసి, గట్టిగా నవ్వేసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, “తిండంటే పేణం దానికి,” అని మళ్లీ సూది గుచ్చింది.

ఆ తర్వాత ఆవిడ ఆరేళ్లు బతికింది. ఆ సంచి భుజాన వేసుకునే తోటకూ సంతకూ వెళ్లింది. ఎవరైనా సంచి బాగుందంటే చాలు, ఆగి, తన నేస్తం చివరి ఆదివారం ఎంత నవ్విందో, ఏమేం తిందో చెప్పేది. నా కథను నాకంటే బాగా చెప్పేది. ఆ ఆరేళ్లలో నిజం చెప్పడానికి నాకు ఎన్ని పొద్దులు దొరికాయో లెక్క లేదు. ఎదురుచూసే మనిషి గురించి పైన రాసిన మాట నలభై దాటాక నాకు తట్టింది. దాన్ని తెచ్చి మామ్మ నోట పెట్టాను. ఆవిడైతే నన్ను ఏమనేదో, అసలు క్షమించేదో లేదో నాకు తెలియదు. అనడానికి నేను ఆవిడకు వీలే ఇవ్వలేదు.