పాలు పొంగించిన బండి

మహిళా సాధికారత మా కంపెనీలో రెండో అంతస్తులో ఉంటుంది. దానికి ఏసీ ఉంది, గాజు తలుపు ఉంది, ఆ తలుపు మీద చేతులు చాచి ఎగరబోతున్న ఆడమనిషి బొమ్మ ఉంది. మా అమ్మ కింద గోడౌన్‌లో ఉంటుంది. చీరల మీద వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి, కవర్లో దూర్చడం ఆమె పని. పైన కూర్చుని ఆమెకు సాధికారత కల్పించడం నా పని. పొద్దున ఇద్దరం పర్వత్ పాటియాలో ఒకే ఇంట్లోంచి బయలుదేరి, ఒకే షేర్ ఆటోలో వచ్చి, గేటు దగ్గర విడిపోతాం.

మాది మగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబం. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బళ్లో గుజరాతీ. ఈ మూడూ వచ్చినందుకే నాకీ ఉద్యోగం దొరికింది. మా శాఖకు పెద్ద అయిన సార్ చెప్పే మంచి మాటలను కింది ఆడవాళ్లకు తెలుగులో చెప్పాలి. వాళ్లు అన్నవాటిని సార్‌కు, ఆయన తట్టుకోగలిగినంత హిందీలో చెప్పాలి. రెండో పని చాలా కష్టం.

మా అమ్మ ఇంట్లోంచి బయలుదేరాక సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్లు ముట్టదు. గోడౌన్‌లో ఆడవాళ్లకు బాత్రూం లేదు. మగవాళ్లకు వెనక గోడ ఉంది. పైన మా అంతస్తులో అద్దాలూ సువాసనలూ ఉన్న బాత్రూం ఉంది గానీ, మెట్ల దగ్గర కార్డు చూపించాలి. ఒకసారి అమ్మను వెంటబెట్టుకుని ఎక్కబోతే కాపలా మనిషి మెట్ల మీదే ఆపేశాడు. అమ్మ గిర్రున వెనక్కి తిరిగింది, మళ్లీ ఆ మెట్లెక్కలేదు. మాటిమాటికీ ఆమెకు మూత్రంలో మంట, చలిజ్వరం. మా వాళ్లంతా వెళ్లే తెలుగు డాక్టరు, "ఇలాగే ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయమ్మా, నీళ్లు బాగా తాగాలి" అన్నాడు.

"తాగుడు అల్కనే సారూ. ఎన్క సంగతి జెప్పు" అంది అమ్మ.

డాక్టరు మందులు రాశాడు. మందులతోపాటు నీళ్లు తాగాలన్నాడు. ఆమె మందులను కూడా ఒక్క గుక్కతో మింగేది. రాత్రిళ్లు ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ వేసేది నేను, పొద్దున లేచి సాధికారత మీద పోస్టర్లు అంటించేదీ నేనే. నాకు ఒళ్లు మండిపోయేది.

సార్‌ను అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆడవాళ్ల కష్టాల గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్లు నిజంగానే చెమరుస్తాయి. అయితే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు సమాజానికే పెట్టాలట, సొంత ఉద్యోగుల సౌకర్యానికి పెట్టకూడదట, అది నిబంధనట. సరే, ఉద్యోగుల సౌకర్యాలు చూసేది అడ్మిన్ వాళ్లు కదా అని అక్కడికి వెళ్లాను. వాళ్లు గోడౌన్ ఆడవాళ్లు అసలు మన ఉద్యోగులే కారు, ఠేకేదారు మనుషులు, అంటే కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు అన్నారు. మళ్లీ పైకి వచ్చి, ఉద్యోగులు కాకపోతే సమాజమే కదా సార్ అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. కాంపౌండు గోడకు లోపల ఉన్నది సమాజం కిందికి రాదన్నాడు.

అలా మా అమ్మ సమాజమూ కాక, ఉద్యోగీ కాక, దాహంతో చీరలు మడతపెడుతూ ఉండగా మహిళా దినోత్సవం వచ్చింది.

గోడౌన్ ముందు వాకిట్లో సభ. ముంబై హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద మేడం వస్తుందన్నారు. ఆమె వెంట ఇంకొందరు మేడమ్‌లు. అప్పుడు అడ్మిన్ వాళ్లకు ఉన్నట్టుండి ఒక భయం పట్టుకుంది. ఇంతమంది ఆడవాళ్లు వస్తే బాత్రూం ఎలా? పెద్ద మేడంకు మోకాళ్ల నొప్పి, రెండు అంతస్తులు ఎక్కలేదు. ఆ సాయంత్రానికల్లా పెళ్లిళ్లకు అద్దెకిచ్చే బాత్రూం బండి వచ్చేసింది. లారీ వెనక తగిలించి లాక్కొచ్చే పెద్ద డబ్బా అది. ఇనుప మెట్లు, లోపల అద్దం, కుళాయి, ఒక వైపు తలుపు ఆడవాళ్లకు, ఇంకో వైపు తలుపు మగవాళ్లకు. ఇన్నేళ్లుగా జరగనిది ఒక్క ఫోనుకు జరగడం చూసి నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

పూలు కట్టేవాడికి కనబడిన ప్రతిదాన్నీ అలంకరించమని చెప్పారు. వాడు స్టేజీకి, గేటుకు, జనరేటరుకు, బండికి కూడా బంతిపూల దండలు కట్టేశాడు. సభకని చేయించిన పొడుగాటి బ్యానరుకు స్టేజీ సరిపోలేదు. ఎదురుగా చదునుగా కనిపించింది బండి ఒక్కటే. దాని మీద కట్టేశాడు. పెద్ద పెద్ద హిందీ అక్షరాల్లో ఉంది: మన అక్కచెల్లెళ్లకు అంకితం.

సభ రోజు పొద్దున పనికొచ్చిన ఆడవాళ్లు దాని ముందు ఆగిపోయారు. వాళ్లందరిలోకీ వయసులో పెద్దామెను మేమంతా పెద్దమ్మ అంటాం. ఆమె బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నన్ను పిలిచింది.

"బిడ్డా, గిది మనదేనా?"

"బ్యానరు మీద అట్లనే రాసి ఉంది పెద్దమ్మా" అన్నాను. అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సినదంతా కూడా చెప్పలేదు. సార్ అప్పటికి మేడమ్‌లను తీసుకురావడానికి స్టేషన్‌కు వెళ్లాడు, నన్ను అడ్డుకునేవాళ్లెవరూ లేరు.

"మరి పాలు పొంగియ్యకుంట ఎట్ల జొర్రుతం? జర ఆగుండ్రి" అంది పెద్దమ్మ.

అంతే, పనులు చకచకా మొదలయ్యాయి. ఒకామె ఎదురుసందులోని దుకాణానికి పరుగెత్తి గిన్నె, పాలు, పసుపు, కుంకుమ తెచ్చింది. గేటు బయట చాయ్ అమ్మే అతను గ్యాసు పొయ్యి ఇచ్చాడు. తలుపు పడమరకు ఉందని పెద్దమ్మ పేచీ పెడితే, బండి డ్రైవరును నిద్రలేపి తూర్పుకు తిప్పించారు. అతను గుజరాతీ మనిషి, కళ్లు నులుముకుంటూ తిప్పేశాడు. ఇనుప మెట్లకు పసుపు పూశారు. గడపకు బొట్లు పెట్టారు. ఆడవాళ్ల వైపు అద్దం కింద ఉన్న అరలో లక్ష్మీదేవి పటం పెట్టి దీపం వెలిగించారు, గుమ్మం లోపల కలశం పెట్టారు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పాలు చూస్తోంది. ఆమె మొహంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. ఆమెకు అది నిజంగా కొత్తిల్లే.

ఇక ఆవు మిగిలింది. సూరత్‌లో ఆవుకు కరువు లేదు. గేటు పక్క చెత్తకుప్ప దగ్గర ఎప్పుడూ ఉండేదాన్ని రొట్టె చూపించి తీసుకొచ్చారు. గుమ్మంలో ముందుకాళ్లు పెట్టించి దించేద్దామనుకున్నారు. అది ముందుకాళ్లు పెట్టింది, తల లోపలికి పెట్టింది, అద్దంలో ఇంకో ఆవును చూసింది. ఇక కదల్లేదు. కాపలా మనిషి పెద్దమ్మను పట్టుకుని "మాసీ, మాసీ, సాబ్ వస్తున్నాడు" అని మొత్తుకుంటున్నాడు. ఆడవాళ్లు మంగళహారతి అందుకున్నారు. సరిగ్గా పాలు పొంగుతుండగా కార్లు వచ్చి ఆగాయి.

పెద్ద మేడం దిగింది. ఆమెకు మొదట కనిపించింది దండలు వేసిన ఒక డబ్బాలోంచి బయటికి వచ్చిన ఆవు వెనకభాగం. సార్ మొహంలో రంగు పోయింది. మేడం మాత్రం రెండు చేతులూ గుండెకు ఆన్చుకుంది.

"ఎంత అందంగా ఉంది! ఏం చేస్తున్నారు వీళ్లు? అడుగు" అంది నాతో హిందీలో.

"కొత్తిల్లమ్మా, గృహప్రవేశం జేస్తున్నం. మంచియాళ్లకు అచ్చినవ్, రా" అని పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. నా ఉద్యోగంలో అంత హాయిగా పని చేసిన రోజు ఇంకోటి లేదు. మేడంకు బొట్టు పెట్టారు, రవికె గుడ్డ పెట్టారు, ఆవును రొట్టె చూపించి పక్కకు దించి, ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి చక్కెర వేసిన పాలు స్టీలు గ్లాసులో చేతికిచ్చారు. ముంబై నుంచి బయలుదేరినప్పటి నుంచీ ఆమెకు ఆ గదితో వేరే పని ఉందని నాకు ఆమె కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. ఆ పాలు తాగుతూ ఆమె కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. ఫొటోలు తీశారు. వాటిలో ఆవు కూడా పడింది.

సభ అయింది. సాధికారత మీద మాట్లాడారు. మేడం పాపం చివరికి ఒకరి భుజం పట్టుకుని రెండు అంతస్తులూ ఎక్కింది. దీపం ముందు ఆ పని చేయడానికి ఆమెకూ మనసు రాలేదు.

సభ ముగిశాక డ్రైవరు బండి తగిలించుకోబోతే మా వాళ్లు చక్రాల ముందు నిలబడ్డారు.

"పాలు పొంగినంక ఇల్లు ఖాళీ జేస్తరా ఎక్కడన్న?" అంది పెద్దమ్మ.

డ్రైవరు కోపంగా యజమానికి ఫోన్ చేశాడు. యజమాని భక్తిపరుడు. కుంభం పెట్టారా అని అడిగాడు. గుజరాతీవాళ్లకు గృహప్రవేశమంటే కుంభం, అంటే కలశం, పెట్టడమే. గుమ్మం లోపల కలశం ఉందని డ్రైవరు ఒప్పుకున్నాడు. అయితే ముహూర్తం చూడకుండా కదిలించవద్దు, మిగతా బండ్లకు అరిష్టం అన్నాడు యజమాని. అద్దె మాత్రం నడుస్తుందన్నాడు.

ఆ అద్దె ఎవరు కట్టాలని పైన మీటింగు పెట్టారు. మా సార్ అది సమాజం కాదన్నాడు. అడ్మిన్ వాళ్లు అది ఉద్యోగుల సౌకర్యం కాదన్నారు. ఇంతలో హెడ్డాఫీసు నుంచి వార్షిక నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద మెట్లపై కూర్చుని పాలు తాగుతున్న మేడం, పక్కన పెద్దమ్మ, వెనక ఆవు. కింద "మహిళలకు సొంత గూడు" అని రాసి ఉంది. దానితో బండిని కదిలించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దాన్ని కొనేశారు. చక్రాలు తీసేసి ఇటుకల మీద నిలబెట్టారు. మురుగు కాలువకు గొట్టం కూడా కలిపారు. అంత పెద్ద కంపెనీ ఒక పొరపాటును నిలబెట్టుకోవడానికి పడ్డ శ్రమలో కాస్తయినా ముందే పడి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మేం గెలిచామనుకున్నాను. గొట్టం కలిపిన మర్నాడు కిందికి దిగి చూస్తే తలుపు దగ్గర ముగ్గు, తులసి కుండ, కింద వరసగా చెప్పులు. ఆడవాళ్లు లోపలికి వెళుతున్నారు, దండం పెట్టుకుని బయటికి వస్తున్నారు. అంతే. ఎవరూ తలుపు వేసుకోవడం లేదు. మా అమ్మ నీళ్లు తాగడం లేదు.

"ఏందమ్మా ఇది? ఇంత లొల్లి జేసి మళ్ల గట్లనే ఉంటవా?" అని అరిచాను.

"దీపం పెట్టిన ఇంట్ల గా పని ఎట్ల జేస్తమే? సిగ్గుండాలె" అంది అమ్మ.

ఆ వారమే అమ్మకు మళ్లీ జ్వరం వచ్చింది. పనిలోనే వణుకుతూ చీరల కుప్ప మీద ఒరిగిపోయింది. నేను దిగివచ్చి ఆమెను పట్టుకుని, ఎవరినీ చూడకుండా అందరినీ తిట్టాను. కంపెనీని తిట్టాను, సార్‌ను తిట్టాను, లక్ష్మీదేవిని కూడా తిట్టాను. మేడం గ్లాసుతో పాలు తాగింది, మా అమ్మ చుక్క నీళ్లు తాగలేకపోతోంది, ఎవడి సాధికారత ఇది అని ఏడ్చాను.

పెద్దమ్మ చేతిలోని కత్తెర పక్కన పెట్టి లేచింది. బండి దగ్గరికి వెళ్లి చెప్పులు విడిచి, ఆడవాళ్ల తలుపులోంచి లక్ష్మీదేవి పటం, దీపం, కలశం బయటికి తెచ్చింది. చుట్టూ తిరిగి, మగవాళ్ల తలుపు తెరిచి, అక్కడ అద్దం కింద పెట్టింది.

"ఇంట్ల దేవునికి ఒక్క అర్ర. ఇల్లంత ఆమెదేనా? మనం యాడికి పోవాలె?" అంది.

అటు మగవాళ్ల వైపు దేవుడిల్లయింది. ఇప్పటికీ అంతే. శుక్రవారం నాడు ఠేకేదారు కూడా "పురుషులు" అని రాసి ఉన్న తలుపు ముందు చెప్పులు విడిచి, అగరుబత్తి వెలిగిస్తాడు. తనిఖీకి వచ్చినవాళ్లకు మా సార్ దాన్ని ధ్యానమందిరం అని చూపిస్తాడు. నేను అలాగే అనువాదం చేస్తాను.

ఆ రోజు మాత్రం ఆడవాళ్ల తలుపు దగ్గర ఎవరూ ముందుకు కదల్లేదు. అమ్మ నా భుజం వదిలింది. కొంగు బొడ్లో దోపుకుని, ఇనుప కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల గడియ పడిన చప్పుడు వాకిట్లో అందరికీ వినిపించింది. బయట అందరం గోడకేసి చూస్తూ నిలబడ్డాం.

ఆమె కాళ్లు కడుక్కుని బయటికి వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. నేరుగా గోడౌన్ మూలనున్న కుండ దగ్గరికి వెళ్లి, గ్లాసు నిండా ముంచుకుని, ఆగకుండా తాగింది. గొంతు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. అప్పటికింకా పొద్దున పదకొండు కూడా కాలేదు.

మూతి తుడుచుకుని గ్లాసు నా ముందు చాపింది.

"సల్లగున్నయి. ఇంకిన్ని పొయ్యి బిడ్డా."