పుట్టిల్లు లేని స్విచ్చి

"నీకు మొగుడు లేడా, నిచ్చెనెక్కావు?"

అడిగింది ఒక మందుల షాపు యజమాని. అప్పుడామె అతని షాపు కప్పుకింద, నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని ట్యూబులైటు పట్టీ బిగిస్తోంది. స్క్రూలు అరచేతిలోకి ఉమ్మేసుకుని, "ఉన్నాడండీ. ఆయనకి ఎత్తంటే భయం," అంది. షాపాయన పగలబడి నవ్వాడు. మొగుడికి భయం ఎత్తంటే కాదు, ఈమె అంటే. ఒకసారి చెయ్యెత్తి, ఆమె చేతిలో ఉన్న కటింగ్ ప్లేయరు చూసి దించుకున్న మనిషి. ఆ చెయ్యి రెండోసారి లేస్తుందో లేదో చూద్దామని ఆమె కూర్చోలేదు. మర్నాడే పుట్టింటికి వచ్చేసింది.

పేటలో ఆమెను అందరూ నిచ్చెనక్క అంటారు. భుజాన పాత చెక్క నిచ్చెన లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఇలాంటి ఆడవాళ్ళ గురించి రాసేటప్పుడు 'పట్టుదలకు ప్రతిరూపం', 'మహిళాలోకానికి స్ఫూర్తి' అని రాయడం ఒక రోగం. ఒక సంఘం వాళ్ళు అలాగే సన్మానం చేస్తామని వస్తే ఆమె సూటిగా అడిగింది: "సన్మానం తర్వాత సంగతి. మీ ఆఫీసులో కీచుమనే ఆ ఫ్యాన్లున్నాయే, ఆ పని ఎవరికిచ్చారు?" వాళ్ళు మళ్ళీ రాలేదు. ఫ్యాన్లు ఇంకా కీచుమంటూనే ఉన్నాయి.

పని నేర్పింది నాన్న. ఆయన చదివింది తక్కువ, చెప్పే తీరు వేరు. "ఫేజు అంటే అత్తింటికి పోయే దారి. న్యూట్రల్ అంటే పుట్టింటికి తిరిగొచ్చే దారి. పోయిన కరెంటు తిరిగి రావాలే, అప్పుడే దీపం వెలుగుతుంది."

"మరి ఎర్త్ వైరో?" అని అడిగిందొకసారి.

"అది అంబులెన్సు. ప్రాణం మీదికొచ్చినప్పుడు పరిగెత్తడానికి ఉంది. కూరగాయలు తేవడానికి అంబులెన్సులో పోతామా?"

పొదుపు మనిషి. ఆయన వైరింగు చేసిన ఏ ఇంట్లోనూ గోడమీద స్విచ్చి దాకా న్యూట్రల్ వైరు రాదు. ఫేజు కిందికి దిగుతుంది, స్విచ్చి గుండా మళ్ళీ పైకెక్కి లైటుకు పోతుంది. న్యూట్రల్ మాత్రం పైన లైటు దగ్గరే ఆగిపోతుంది. "స్విచ్చికి పుట్టిల్లెందుకే? గుమ్మం దగ్గర నిలబడి తలుపు తీసి వేసేవాడికి ఇంట్లో వాటా ఎందుకు?" అనేవాడు. వైరు బోలెడు మిగిలేది. ఆ రోజుల్లో అది తప్పు కూడా కాదు.

పోతూపోతూ తన కరెంటు సామాన్ల కొట్టు కొడుక్కి రాశాడు. కూతురికి నిచ్చెన ఇచ్చాడు. ఆమె ఊరుకోలేదు, అడిగింది. తమ్ముడు తల గోక్కుంటూ, "పెళ్ళయినదానివి, నీకు కొట్టెందుకక్కా?" అన్నాడు. "పెళ్ళి వదిలేసి వచ్చినదాన్నిరా," అంది. "అయితే మరీ ఎందుకు?" అన్నాడు. ఆ రోజు నుంచి తమ్ముడి కొట్టు ముందు నుంచి పోవాల్సి వచ్చినప్పుడల్లా నిచ్చెనను వాడి కౌంటరుకు తగిలేలా తిప్పుకుంటూ పోవడం ఆమెకు అలవాటు.

ఇక లెక్కల మాస్టారి ఇల్లు.

ఆయన రిటైరయ్యాడు. భార్యకు మోకాళ్ళు అరిగిపోయి మంచం దిగడం గగనమైంది. మంచం మీంచే నోటితో చెబితే లైటు వెలగాలి, ఫ్యాను ఆగాలి. అలాంటి స్మార్ట్ స్విచ్చిలు కావాలి. వాళ్ళుండే భవనంలో ఇళ్ళన్నిటికీ వైరింగు చేసింది నాన్నే. మాస్టారింట్లో పని కుదిరితే మిగతా ఇళ్ళవాళ్ళూ పిలుస్తారు. చెడితే ఆ మెట్లు మళ్ళీ ఎక్కనక్కర్లేదు, తమ్ముడే ఎక్కుతాడు. నిచ్చెనక్క తన పేరుమీద ఒప్పుకున్న మొదటి పెద్ద పని అది.

బోర్డు విప్పగానే ఆమె నాలిక్కరుచుకుంది. మామూలు స్విచ్చి ఆర్పితే నిద్రపోతుంది. స్మార్ట్ స్విచ్చికి నిద్ర లేదు. లైటు ఆరి ఉన్నా ఎవరు పిలుస్తారా అని చెవులు రిక్కించుకునే ఉంటుంది. దానికి ఎప్పుడూ కాస్త కరెంటు కావాలి, ఆ కరెంటు తిరిగిపోవడానికి న్యూట్రల్ కావాలి. నాన్న బోర్డులో అది లేదు.

"ఏమైందే, మొహం అలా పెట్టావు?" అంది మంచం మీంచి పిన్నిగారు. మాస్టారి భార్యను ఆమె అలాగే పిలుస్తుంది.

"ఏం చెప్పను పిన్నిగారూ, మీ స్విచ్చికి పుట్టిల్లు లేదు," అని మొత్తం కథ చెప్పింది.

"పాపం. ఉన్నవాళ్ళు మాత్రం ఏం బావుకున్నార్లే," అందావిడ.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. తప్పు ఆమెదే. 'న్యూట్రల్ అక్కర్లేదు' అని డబ్బా మీద రాసి ఉన్న రకం స్విచ్చిలు తెచ్చి బిగించేసింది. అవి తమకు కావలసిన కొంచెం కరెంటును లైటు గుండానే దొంగతనంగా లాగుతాయి. పాత బల్బులైతే పట్టించుకోవు. ఈ ఎల్‌ఈడీలకు ఆ కొంచెమే ఎక్కువ.

"అమ్మాయ్, లైటు ఆర్పినా ఆరడం లేదు. మిణుకు మిణుకుమంటోంది. మా ఆయన కోపం లాగా," అని పిన్నిగారు ఫోను చేసింది.

పైపులోంచి కొత్త వైరు లాగబోతే, నాన్న పొదుపు అక్కడా అడ్డం పడింది. సన్న పైపులో వైర్లు కుక్కేశాడు. లాగుడు స్ప్రింగు మధ్యలో ఇరుక్కుంది. గోడ కొట్టాలంది. కొత్తగా రంగు వేయించిన మాస్టారు గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "పలుగు పట్టుకుంటే ఇంట్లోకి రానివ్వను."

రెండు రోజులు ఆగమని చెప్పి వెళ్ళింది. మాస్టారు ఆగలేదు. "మీ తమ్ముడు ఒక్క పూటలో చేసేశాడమ్మా. నీ నిచ్చెన తీసుకెళ్ళు," అని మాస్టారు కబురు పెట్టాడు.

ఆమె వెళ్ళేసరికి తమ్ముడు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. లైట్లు చెప్పినట్టు వెలుగుతున్నాయి, చెప్పినట్టు ఆరుతున్నాయి. ఆమె ఎవరినీ అడగకుండా మెయిను కట్టేసి బోర్డు విప్పింది. న్యూట్రల్ ఉండాల్సిన చోట ఆకుపచ్చ వైరు. బోర్డు వెనక ఇనప పెట్టె షాకు కొట్టకుండా దింపిన ఎర్త్.

"ఒరేయ్, కూరగాయలకి అంబులెన్సు కట్టావురా?"

"ఊరంతా చేస్తున్నారక్కా. స్విచ్చి తాగే కరెంటెంత? చిటికెడు."

"చిటికెడైనా తిరిగిపోయే దారి అదేగా. ఆ దారి తెగితే?"

"ఎర్త్ ఎందుకు తెగుతుంది?"

"నాన్న పాతిన కడ్డీ. మట్టిలో ఇన్నాళ్ళూ ఏం తింటూ బతికిందనుకున్నావు, తుప్పేగా?"

మాటలతో వాడు లొంగడని తెలుసు. మెయిన్ బోర్డులో ఎర్త్ వైరు విప్పి పక్కన పెట్టి, ఎవరినీ కదలొద్దని చెప్పి, మెయిను వేసింది. టెస్టరు తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకు ఆనించింది. టెస్టరులో ఎర్ర చుక్క వెలిగింది. వాషింగ్ మెషీన్ రేకుకు ఆనించింది. అక్కడా వెలిగింది. ఇంట్లో ఎర్త్ తగిలిన ప్రతి ఇనుముకూ ఆ స్విచ్చిల కరెంటు ఎక్కి కూర్చుంది. తమ్ముడు కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

మాస్టారు బెదిరాడు గానీ మెత్తబడలేదు. "అయితే ఏమంటావు? నీ దానితో ఆరదు, వీడి దానితో చంపుతుంది. గోడ మాత్రం ముట్టుకోనివ్వను."

"ఇలా మాత్రం ఉంచను మాస్టారూ. మీరు డబ్బివ్వకపోయినా సరే, తిట్టినా సరే. నా చేత్తో పీకేసి పోతాను."

"నా ఇంట్లో నీ జబర్దస్తీ ఏంటి?"

"వైరింగు మా నాన్నది. జబర్దస్తీ నాకు ఆస్తిగా వచ్చింది. ఇంకేం రాలేదు కనక."

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె మళ్ళీ మెయిను కట్టేసి పీకడం మొదలుపెట్టింది. అప్పుడు, పొద్దస్తమానం వెల్లకిలా పడుకుని కప్పు తప్ప మరేమీ చూడని పిన్నిగారు అడిగింది:

"అమ్మాయ్, ఆ పుట్టిల్లు అసలెక్కడుందే?"

"పైన. లైటు దగ్గర."

"మరి స్విచ్చిని అక్కడికే పంపెయ్యరాదూ? నడవలేని దానికోసం పుట్టిల్లు కదిలి రాదు కదా."

స్క్రూడ్రైవరు ఆగింది. నిచ్చెనక్క తలెత్తి కప్పు వంక చూసింది. ఇన్నాళ్ళూ న్యూట్రల్‌ను కిందికి ఈడ్వాలని కుస్తీ పట్టింది. ఆ ఇంటి నిండా తిరిగినా ఈ మాట తోచలేదు. తోచనందుకు తనను తాను ఒక బూతు తిట్టుకుంది, పిన్నిగారికి వినబడేలాగే.

ఆ పని ఇలా జరిగింది. కింద బోర్డులో ఫేజు వైరునూ పైకి పోయే వైరునూ కలిపి ముడేసి మూసేసింది. దాంతో పైన లైటు దగ్గర ఫేజు ఎప్పుడూ ఉంటుంది. న్యూట్రల్ మొదటినుంచీ అక్కడే ఉంది. అగ్గిపెట్టెంత స్మార్ట్ స్విచ్చి ఒకటి కొనుక్కొచ్చి, లైటు డోము కింద కప్పు డబ్బాలో కూర్చోబెట్టింది. ఫ్యానుకూ అదే వైద్యం. గోడమీద బ్యాటరీతో నడిచే బటను అంటించింది. దానికి వైరే అక్కర్లేదు. ఎర్త్‌ను ఎర్త్ పనికే వదిలేసింది, తుప్పుపట్టిన కడ్డీ తీయించి కొత్తది పాతించింది. గోడ రంగు చెక్కుచెదరలేదు. మాస్టారు పట్టి పట్టి చూసి, గీత కూడా దొరక్క కొంచెం నిరాశపడ్డాడు.

"లైటు ఆపు," అంది పిన్నిగారు. ఆరింది. పూర్తిగా, నల్లగా. "హమ్మయ్య. ఈ ఇంట్లో నా మాట వినేది ఒకటుంది."

పై ఇంటివాళ్ళు చూడ్డానికి దిగారు, ఎదురింటివాళ్ళు వచ్చారు. ఆ వారమే పనులు మొదలయ్యాయి. తమ్ముడు మెట్ల దగ్గర కాసుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఇద్దరం కలిసి చేద్దాం. నాన్న కొట్టు పేరుమీద."

"కొట్టులో నాకు వాటా రాయి, కొట్టు పేరుమీదే చేద్దాం. లేదంటే నిచ్చెన పేరుమీద."

వాడు మళ్ళీ తల గోక్కున్నాడు. ఆమె నిచ్చెన ఎత్తుకుంది. పోతూ పోతూ, మాస్టారింట్లో వాడు పెట్టిన ఎర్త్ వైర్లు పీకి సరిచేసినందుకు తన కూలి బిల్లు వాడి జేబులో పెట్టింది. "అక్కని కదా అని బేరమాడకు," అంది.

ఇప్పుడు ఆ భవనంలో స్విచ్చిలన్నీ పుట్టింట్లోనే ఉన్నాయి. తమ్ముడు ఆ బిల్లు డబ్బు ఇంకా ఇవ్వలేదు.